సాండ్స్ ఆఫ్ టైమ్, వారియర్ విథిన్: ఏది మెరుగైన ఆట?

మహారాష్ట్రలోని సిరొంచ నుండి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్నకు ఇది సమాధానం. ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ అనే వీడియో ఆటల వరుసలో 2003లో వచ్చిన ‘సాండ్స్ ఆఫ్ టైమ్’ మెరుగైనదా, 2004లో వచ్చిన ‘వారియర్ విథిన్’ మెరుగైనదా అన్న వాదన తన స్నేహితుల మధ్య ఎంతకూ తెగడం లేదని అతడు రాశాడు. కత్తియుద్ధంలో రెండవది అంత ముందున్నప్పుడు, వయసులో పెద్దవాళ్ళు మొదటిదాన్ని చిన్ననాటి మమకారం కొద్దీ పొగుడుతున్నారేమోనన్న అనుమానాన్ని కూడా తెలిపాడు. కత్తియుద్ధంలో రెండవది ముందుందన్నది పూర్తిగా నిజం. అయినప్పటికీ మెరుగైన ఆట సాండ్స్ ఆఫ్ టైమే అని నేను గట్టిగా నమ్ముతున్నాను, అందుకు మమకారం కాక వేరే కారణాలున్నాయి.

ఈ రెండు ఆటలూ కొత్తగా ఉన్న రోజుల్లో నేను బల్లార్షాలో గేమ్ పార్లర్ నడిపేవాడిని. పేపర్ మిల్లు కాలనీ నుండి, చుట్టుపక్కల బొగ్గు గనుల క్వార్టర్ల నుండి పిల్లలు వచ్చేవారు. వారిలో చాలామంది ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, మౌస్ పట్టుకున్నాక హిందీ మాట్లాడేవారు. గంటల లెక్కన డబ్బు ఇచ్చి ఆడేవాళ్ళను, వాళ్ళ వెనుక నిలబడి ఉచితంగా చూసేవాళ్ళను ఏళ్ళ తరబడి గమనించడం వల్ల, ఒక ఆట చూడడానికి బాగుండడం వేరు, ఆడే చేతికి బాగుండడం వేరు అన్న సంగతి నాకు బాగా తెలిసివచ్చింది. ఆ తర్వాత కూడా రెండింటినీ నేను పలుమార్లు మొదటి నుండి చివరి దాకా ఆడుతూనే ఉన్నాను.

మొదట ఈ వరుసకు మూలమేమిటో చూడాలి, ఎందుకంటే సగం వాదన అక్కడే తేలిపోతుంది. జోర్డాన్ మెక్నర్ 1989లో యాపిల్ 2 కంప్యూటర్ కోసం చేసిన తొలి ఆటలో రాకుమారుడు చేతిలో కత్తి కూడా లేకుండా చెరసాలలో మొదలవుతాడు. అతనికి ఉన్న గడువు 60 నిమిషాలు. ఆ ఆట నాడు అందరినీ ఆశ్చర్యపరచింది పోరాటంతో కాదు, పరుగుతోనూ గెంతులతోనూ. మెక్నర్ తన తమ్ముడు పరుగెత్తుతుండగా, గోడ పట్టుకొని ఎక్కుతుండగా వీడియో తీసి, ఆ వీడియోలోని ఫ్రేములను ఒక్కొక్కటిగా గీసుకొని రాకుమారుడి కదలికలను తయారు చేశాడు. చివరి ఘట్టాల్లో రాకుమారుడికి తన నీడే ఎదురుపడుతుంది. దాన్ని ఎంత గాయపరిస్తే తనకూ అంత గాయమవుతుంది, కత్తిని ఒరలో పెట్టి దానివైపు నడిస్తేనే ముందుకు దారి దొరుకుతుంది. ఈ వరుసలో యాక్షన్ అంటే పాదాల పని, కాలంతో పందెం, కత్తి అవసరమైనప్పుడు మాత్రమే. కబడ్డీలో కూతకు వెళ్ళినవాడు అవతలి జట్టులో ఎంత బలశాలిని తాకాడన్నది తర్వాతి మాట, ఊపిరి ఆగకముందే గీత దాటి తిరిగి వచ్చాడా లేదా అన్నదే అసలు లెక్క. ఈ ఆటలను కూడా ఆ లెక్కతోనే కొలవాలి.

యూబీసాఫ్ట్ అనే ఆటల కంపెనీ మాంట్రియల్ స్టూడియోలో పాట్రీస్ డెసిలే నాయకత్వంలో, మెక్నర్ కథారచనతో తయారైన సాండ్స్ ఆఫ్ టైమ్ ఆ మూలాన్ని మూడు కొలతల ప్రపంచంలోకి తెచ్చింది. అంతకు ముందు 1999లో వేరే స్టూడియో చేసిన త్రీడీ ప్రయత్నం ఒకటి ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా తలచుకోరు. సాండ్స్ ఆఫ్ టైమ్‌లో రాకుమారుడు గోడ మీద అడ్డంగా పరుగెత్తుతాడు, రెండు గోడల మధ్య అటూ ఇటూ తన్నుకుంటూ పైకి ఎగబాకుతాడు, స్తంభాన్ని పట్టుకొని చుట్టూ తిరిగి మరో స్తంభం మీదికి దూకుతాడు. ఇన్ని చేసినా ఆడేవాడు నొక్కే మీటలు కొన్నే. ఎక్కడ ఏ మీట నొక్కాలో గోడే చెబుతుంది. గదిలోకి అడుగు పెట్టగానే కెమెరా ఒకసారి అంతా చుట్టి చూపిస్తుంది, ఆ తర్వాత దారి వెతుక్కోవడం మన పని. మొత్తం గదినే ఒక లెక్కగా మలచి, ఆ లెక్కకు జవాబును శరీరపు కదలికతో చెప్పించడం ఈ ఆట సాధించిన మొదటి విషయం.

రెండవది, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది, కాలాన్ని వెనక్కి తిప్పే బాకు. దూకుడు తప్పి లోయలో పడితే ఒక మీట నొక్కి పట్టుకుంటే చాలు, రాకుమారుడు పడిన దారినే పైకి తేలి, మళ్ళీ అంచు మీద నిలబడతాడు. బాకులోని ఇసుక ఉన్నంత వరకే ఈ వరం. పడగొట్టిన శత్రువును బాకుతో పొడిచి ఇసుకను పీల్చుకుంటేనే అది మళ్ళీ నిండుతుంది, పీల్చకుండా వదిలితే ఆ శత్రువు లేచి నిలబడతాడు. అంటే దూకడానికి కావలసిన ధైర్యం పోరాటం నుండి వస్తుంది, పోరాటంలో చేసిన తప్పును దిద్దుకునే శక్తి కూడా అదే ఇసుక నుండి వస్తుంది. కథ కూడా దీని చుట్టూనే తిరుగుతుంది. భారతదేశంలోని ఒక మహారాజు కోటను కొల్లగొట్టి బాకును చేజిక్కించుకున్న రాకుమారుడు, ఆజాద్ నగరంలో వజీరు మాట నమ్మి కాలపు ఇసుక గడియారాన్ని తెరుస్తాడు, అందరూ ఇసుక భూతాలైపోతారు, అతడి తండ్రి సైతం అలాగే మారితే కొడుకే కత్తి ఎత్తవలసి వస్తుంది. చేసిన పనిని చెరిపేయాలన్న తపన ఆ పాత్రకు ఎంత ఉందో, అదే తపన ప్రతి లోయ అంచునా ఆడేవాడి వేలికి ఉంటుంది. ఇసుక అయిపోయి రాకుమారుడు చనిపోతే, కథ చెబుతున్న అతడి గొంతే ‘కాదు కాదు, అలా జరగలేదు’ అని సర్దుకుంటుంది. ఆట ముగిసిందన్న ప్రకటనను సైతం కథలో భాగం చేసిన ఆ నేర్పు నాకు ఇప్పటికీ అబ్బురమే.

ఆంగ్ల సంభాషణలు అంతగా అర్థం కాని మరాఠీ మాధ్యమం పిల్లలు ఈ కథను ఎలా అందుకున్నారన్నది నేను దగ్గరుండి చూశాను. మహారాజు కూతురు ఫరా, ఆట చాలా దూరం విల్లుతో రాకుమారుడికి తోడుగా ఉన్న అమ్మాయి, ఒక దశలో అతడు నిద్రలో ఉండగా బాకును తీసుకొని వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఆజాద్‌లోని ఎత్తైన గోపురాన్ని బాకు లేకుండా ఎక్కాలి. పిల్లలు అలవాటుగా వెనక్కి తిప్పే మీటను నొక్కేవారు, ఏమీ జరిగేది కాదు, వెంటనే తెర మీదికి వంగి కూర్చొని ప్రతి దూకుడుకూ ముందు ఆగి ఆలోచించేవారు. సంభాషణలో ఒక్క ముక్క పట్టుకోలేని పిల్లవాడు కూడా ‘ఆమె వెళ్ళిపోయింది, బాకు లేదు, ఇప్పుడు పడితే పడ్డట్టే’ అని పక్కవాడికి వివరించడం నేను విన్నాను. ఆ భాగంలో చేతికి వచ్చే కొత్త కత్తి ఇసుక భూతాలను ఒక్క దెబ్బకే కూలుస్తుంది, అంటే పోరాటం సులువై, దూకడం కష్టమవుతుంది. కథలో జరిగిన నష్టాన్ని ఆడేవాడు ఎక్కడ అనుభవించాలో సరిగ్గా అక్కడే పెట్టారు. ఇంత పొందిక ఉన్న ఘట్టం వారియర్ విథిన్‌లో ఒక్కటి ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

ముగింపు తెలియని వారు ఈ ఒక్క పేరాను దాటి వెళ్ళవచ్చు. చివరకు రాకుమారుడు కాలాన్ని మొత్తం వెనక్కి తిప్పి, దండయాత్రకు ముందటి రాత్రికి వెళ్ళి, తనను ఎన్నడూ చూడని ఫరాకు జరిగినదంతా చెబుతాడు. మనం ఆడిన ఆట మొత్తం ఆ రాత్రి అతడు చెప్పిన కథేనని అప్పుడు తెలుస్తుంది. ఆమె నమ్మదు. వెళ్ళిపోతూ అతడు, చిన్నప్పుడు తల్లి తనకు చెప్పిందంటూ ఒకప్పుడు ఆమే చెప్పిన రహస్యపు మాట ‘కాకోలూకీయం’ను పలుకుతాడు. మన పంచతంత్రంలోని మూడవ తంత్రం పేరును మాంట్రియల్‌లో తయారైన ఆటలో వినడం నాకు చెప్పలేనంత సంతోషాన్ని కలిగించింది. అందులో చూపిన భారతదేశం బయటివారి ఊహలోనిదే అయినా, ఆ పేరును మాత్రం తెలిసినవారే పెట్టి ఉంటారు.

ఇక సాండ్స్ ఆఫ్ టైమ్ లోపాలను దాచవలసిన అవసరం లేదు. పోరాటాలు ఒకే తీరుగా ఉంటాయి. శత్రువులు జట్లు జట్లుగా పుట్టుకొస్తూనే ఉంటారు, వారి తల మీదుగా దూకి వెనుక నుండి కొట్టే ఒక్క ఎత్తుతో సగం ఆటను దాటేయవచ్చు, ఆ ఎత్తు పనిచేయని నీలి దుస్తుల వారికి గోడను తన్ని ఎగిరి కొట్టే దెబ్బ ఉంది, అంతకు మించి నేర్చుకోవలసింది పెద్దగా లేదు. ఫరా దెబ్బ తిని పడిపోతే మనమూ ఓడినట్టే కాబట్టి, ఆమెను కాచుకుంటూ ఇరుకు చోట భూతాలతో తలపడే ఘట్టాలు విసుగు పుట్టిస్తాయి. వాటి గురించి ఆ స్నేహితులు ఏమన్నా నేను ఒప్పుకుంటాను.

వారియర్ విథిన్ దిద్దినది సరిగ్గా ఈ లోపాన్నే, అదీ ఎంతో ఉదారంగా. రెండవ చేతిలోకి శత్రువు ఆయుధాన్ని లాక్కోవచ్చు, అది అరిగిపోయే దాకా వాడవచ్చు, లేదా అవసరమైన క్షణంలో విసిరేయవచ్చు. స్తంభాన్ని పట్టుకొని గిర్రున తిరుగుతూ చుట్టూ ఉన్నవారిని నరకవచ్చు, గోడను తన్ని వచ్చి పడవచ్చు, పట్టుకొని మరొకరి మీదికి తోసేయవచ్చు. గది ఆకారం, చేతిలో ఉన్న రెండవ ఆయుధం, ఎదుటివాడి రకం ఈ మూడింటినీ బట్టి ప్రతి పోరాటమూ మారుతుంది. మా పార్లర్‌లో ఒక్కొక్కరికి ఒక్కొక్క శైలి ఏర్పడడం ఈ ఆటలోనే చూశాను. ఒకడు లోయ అంచులకు శత్రువులను లాక్కుపోయి తన్నేవాడు, మరొకడు రెండు కత్తులతో గది మధ్యలోనే నిలబడేవాడు. సాండ్స్ ఆఫ్ టైమ్‌లో అందరి పోరాటమూ దాదాపు ఒకేలా కనిపించేది. కేవలం కత్తియుద్ధాన్ని పక్కన పెట్టుకొని తూకం వేస్తే ఈ రెండింటి మధ్య పోటీయే లేదు.

వారియర్ విథిన్ కథ జరిగే ద్వీపం నిర్మాణం కూడా గొప్పది. కాలద్వీపంలోని ప్రతి పెద్ద గదినీ రెండు కాలాల్లో చూస్తాం. వర్తమానంలో కూలిపోయిన గోడ మనకు మెట్టు అవుతుంది, గతంలో అదే గోడ నిటారుగా ఉండి దారి మూసేస్తుంది, కానీ అక్కడి యంత్రాలు పనిచేస్తుంటాయి. నేను ముందు దాచిపెట్టిన ఘట్టం ఇందులోదే. కాలరేఖను కాపాడే దహాకా అనే భూతం, చావవలసిన చోట చావకుండా తప్పించుకున్న రాకుమారుణ్ణి ఏడేళ్ళుగా వెంటాడుతోంది. అది వచ్చినప్పుడు తెర రంగులు మారిపోతాయి, గిటార్ సంగీతం మోత పెడుతుంది, ఇక కత్తి పనికిరాదు, దాన్ని కొట్టలేం, పరుగెత్తాలి, అది దాటలేని నీటి తెర వెనక్కి చేరాలి. మా దగ్గర ఎవరు ఏ ఆట ఆడుతున్నా, ఎవరి తెర మీదైనా దహాకా వచ్చిందంటే మిగతావాళ్ళు కుర్చీలు వెనక్కి లాక్కొని అక్కడికి చేరేవారు. అయితే ఈ ఆటలో అందరూ మరువలేని ఘట్టం ఏదని అడిగితే వచ్చే జవాబు ఈ పరుగే. ఇంత శ్రద్ధగా తీర్చిన కత్తియుద్ధం మొత్తం పక్కకు తప్పుకొని, 1989 నాటి పరుగూ గడువూ తిరిగి వచ్చిన క్షణమది. వారియర్ విథిన్ అభిమానులు తమ ఆటకు బలంగా చూపించే ఘట్టమే నా వాదనకు కూడా బలమని నేను సవినయంగా మనవి చేస్తున్నాను.

కథలో కూడా ఒక మెరుపు ఉంది. విధిని తప్పించుకోవడానికి, కాలపు ఇసుకను సృష్టించబోయే కాలరాణిని చంపిన రాకుమారుడు, ఆమె శరీరం నుండే కాలపు ఇసుక పుట్టిందని, తాను ఆపాలనుకున్నదానికి తానే కారణమయ్యాడని తెలుసుకుంటాడు. తర్వాత ఒక ముసుగు ధరించి ఇసుక ప్రేతంగా వెనక్కి వెళ్ళినప్పుడు, ఆట మొదటి భాగంలో దూరాన నీడలా తచ్చాడిన ఆకారం తానేనని అర్థమవుతుంది. ముసుగులో ఉన్నంత సేపు ప్రాణం కొద్ది కొద్దిగా తరుగుతుంది, ఇసుక మాత్రం దానంతట అదే నిండుతుంది. ఆలోచన చాలా మంచిది. కానీ ఆ ఆలోచనను మోయవలసిన పాత్రే బలహీనమైంది. మొదటి ఆటలో గర్వం, భయం, సిగ్గు, ప్రేమ అన్నీ ఉన్న యువకుడు ఇక్కడ గొంతు చించుకొని అరిచే కోపిష్ఠిగా మిగిలాడు. గొంతు ఇచ్చిన నటుడు కూడా మారాడు, సాండ్స్ ఆఫ్ టైమ్‌లో యూరీ లోవెన్తాల్, ఇందులో రాబిన్ ఆట్కిన్ డౌన్స్. నటుడి తప్పేమీ లేదు, రాసిచ్చిన మాటలే అటువంటివి. స్త్రీ పాత్రల వేషధారణ, కెమెరా వారిని చూసే తీరు, మెడలు తెగిపడే దృశ్యాలు కథకు ఏమీ కలపలేదు, పైగా చిన్నపిల్లలు వచ్చే చోట ఆ ఆట పెట్టినప్పుడు నేను తెరలను గోడవైపు తిప్పవలసి వచ్చేది.

అంతకన్నా పెద్ద లోపం ముగింపును దాచడం. ద్వీపమంతా వెతికి, రాకుమారుడి ప్రాణశక్తిని పెంచే తొమ్మిది ప్రాణవృద్ధులనూ సంపాదించినవారికి మాత్రమే జలఖడ్గం దొరుకుతుంది, ఆ కత్తి ఉన్నవారికి మాత్రమే చివర్లో దహాకాతో పోరాటమూ, అసలైన ముగింపూ కనిపిస్తాయి. 2005లో వచ్చిన ‘ది టూ థ్రోన్స్’ ఈ రెండవ ముగింపు నుండే మొదలవుతుంది. మామూలుగా ఆడి ముగించినవారు తర్వాతి ఆట తెరచి, చనిపోయిన కాలరాణి పడవలో పక్కన కూర్చొని ఉండడం చూసి అయోమయంలో పడ్డారు. ఒకే గదులలోకి పదే పదే తిరిగి రావలసిన ఆటలో, పెద్దగా సాయపడని పటం చేతికిచ్చి ఇలా చేయడం న్యాయం కాదు.

లోడ్ షెడ్డింగ్ ఉన్న ప్రాంతంలో ఆడినవారికి మాత్రమే తోచే మరో విషయం కూడా చెప్పాలి. సాండ్స్ ఆఫ్ టైమ్‌లో పెద్ద పోరాటం ముగియగానే ఇసుక వెలుగు స్తంభం ఒకటి లేస్తుంది. అందులోకి అడుగు పెడితే రాబోయే ఘట్టాలు కలలా మెరుస్తాయి, అక్కడే ఆటను భద్రం చేసుకోవచ్చు. కరెంటు పోతే పోయేది చివరి గది మాత్రమే. వారియర్ విథిన్‌లో భద్రం చేసుకోవడానికి నీటి ఊటల దాకా వెళ్ళాలి, వాటి మధ్య దూరం కొన్నిచోట్ల మరీ ఎక్కువ. దీన్ని ఒక్కటే చూసి ఆటను తక్కువ చేయను, కానీ ఆడేవాడి సమయాన్ని ఏ ఆట ఎక్కువగా గౌరవించిందన్నది ఇందులోనూ కనిపిస్తుంది.

ఈ వాదనలో వినిపించే రెండు వాదాలను నా పక్షాన వచ్చినా నేను ఒప్పుకోను. మెక్నర్ స్వయంగా వారియర్ విథిన్ కళాదృష్టినీ హింసనూ ఇష్టపడలేదని బహిరంగంగా చెప్పిన మాట వాస్తవమే, కానీ ఆయన ఆ ఆట తయారీలో లేరు, ఆయన ఇష్టాయిష్టాలు మన తీర్పు కాకూడదు. అలాగే, 2020లో పునర్నిర్మాణం ప్రకటించినప్పుడు కంపెనీ సాండ్స్ ఆఫ్ టైమ్‌నే ఎంచుకుంది కాబట్టి అదే గొప్పదన్నది కూడా వాదం కాదు. ఆ పని మన మహారాష్ట్రలోని పుణే, ముంబయి స్టూడియోలకు అప్పగించారని తెలిసినప్పుడు ఇక్కడ మేమంతా గర్వపడ్డాం, 2022లో దాన్ని మాంట్రియల్‌కు తరలించినప్పుడు బాధపడ్డాం. అయితే ఏ పాత ఆటను మళ్ళీ అమ్మాలన్న నిర్ణయం వ్యాపారానిది.

మిగిలిన ఆటల గురించి క్లుప్తంగా. ది టూ థ్రోన్స్ రెండింటి మధ్య రాజీ. చాటుగా వెళ్ళి క్షణాల్లో ముగించే దెబ్బలు బాగున్నాయి, రథం తోలే ఘట్టాలు బాగాలేవు. 2008 నాటి ఆటలో రాకుమారుడికి తోడుగా ఉండే ఎలికా ప్రతిసారీ చేయి అందించి కాపాడుతుంది, బొమ్మలు అందంగా ఉన్నాయి, భయం మాత్రం లేదు. 2010 నాటి ‘ది ఫర్‌గాటెన్ సాండ్స్’లో నీటిని గడ్డకట్టించి దానిమీద దూకే ఆలోచన ఒక్కటే నాకు గుర్తుండిపోయింది. 2024లో వచ్చిన ‘ది లాస్ట్ క్రౌన్’ పక్క నుండి చూపించే పాత పద్ధతికి తిరిగి వెళ్ళి, పరుగునూ పోరాటాన్నీ ఈ రెండు ఆటల్లో ఏదీ కలపనంత చక్కగా కలిపింది. మీ స్నేహితులందరూ దాన్ని ఆడాక ఈ చర్చను మళ్ళీ మొదలుపెట్టడం మంచిది.

చివరగా, ఇంకా ఆడని వారికి నా సలహా. రెండూ స్టీమ్, గాగ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణాల్లో దొరుకుతాయి, పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తాయి. సాండ్స్ ఆఫ్ టైమ్‌తోనే మొదలుపెట్టండి, ఎందుకంటే వారియర్ విథిన్ నుండి వెనక్కి వచ్చినవారికి దాని పోరాటం చప్పగా తోచి, మిగతా గుణాలు కంటికి ఆనవు. వారియర్ విథిన్ ఆడేటప్పుడు ఉచ్చులతో నిండిన పక్కదారి ఏది కనిపించినా వదలకుండా చివరి దాకా వెళ్ళండి, ప్రాణవృద్ధులు అటువంటి దారుల చివరనే ఉంటాయి. సింహాసన మందిరంలోని ఆఖరి పోరాటానికి ముందు ఆటను వేరే స్లాట్‌లో భద్రం చేసుకొని, తొమ్మిదీ చేతికి వచ్చాకే లోపలికి అడుగు పెట్టండి.